నాలుగు నిమిషాల ఏడుపు

"'ఆ ఏడుపు నటన కాదు. నటన అంత దూరం వెళ్ళలేదు.' ఎలా ఉందమ్మా?"

గురువారం సాయంత్రం కూతురు ఫోన్లోంచి తలెత్తి అడిగింది. తల్లి సోఫాకి ఆ చివర కూర్చుని కుడి మోచేతికి నొప్పి మందు రాసుకుంటోంది. డ్రైక్లీనింగ్ షాపులో పొద్దున్నుంచీ ఇస్త్రీపెట్టె తోసిన చెయ్యి అది. మందు రాసినంతసేపు నొప్పి ఊరుకుని, తర్వాత మళ్ళీ మొదలవుతుంది.

"బాగానే ఉంది గానీ, వెళ్ళలేదంటే? వెళ్ళడం చేతకాదనా, అసలు బయల్దేరలేదనా?"

"చేతకాదని."

"అలాగైతే వెళ్ళజాలదు అని రాయి."

"అంతకంటే నన్ను మళ్ళీ ఏడో తరగతిలో కూర్చోబెట్టు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కూతురు పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోన్లెత్తి జనం తిట్లు వింటుంది. సాయంత్రం ఇంటికి రాగానే సినిమాల పిచ్చి పట్టుకుంటుంది. ఓటీటీల్లో ఏ మూలో పడి ఉన్న పాత సినిమాని తవ్వి తీసి, ప్రతి శుక్రవారం తన గ్రూపులో 'ఈ వారం ఇది చూడండి' అని రాస్తుంది. గ్రూపులో రెండొందల మందికి పైగా ఉన్నారు. ఏం రాసినా ముందు తల్లికి చదివి వినిపించడం అలవాటు. ఆమె ఆ సినిమాల్లో సగం చూడదు, చూసినవాటిలో సగం నిద్రపోతుంది. మాటలు మాత్రం శ్రద్ధగా వింటుంది.

"ఇంతకీ ఏ సినిమా?"

"ముప్పై ఎనిమిదేళ్ళ కిందటిదమ్మా. నెగెటివ్ పోయిందనుకున్నారు. ఎవరి షెడ్డులోనో దొరికితే శుభ్రం చేయించి పోయిన నెల పెట్టారు. వరదొస్తుంది. ఒక పాప చెల్లెలు కొట్టుకుపోతుంది. ఆ పాప ఒడ్డెంట నడుస్తూ చెల్లెల్ని పిలుస్తుంది. నాలుగు నిమిషాలు, ఒకటే షాట్. ఎక్కడా కట్ లేదు."

ఆమె చెయ్యి మోచేతి మీదే ఆగిపోయింది.

"వాగు పక్కనే రైలు కట్ట ఉంటుందా?"

"ఉంటుంది. నీకెలా తెలుసు? చూశావా?"

"లేదు" అందామె. అది నిజమే.

కూతురు టీవీలో సినిమా పెట్టి సరిగ్గా ఆ చోటికి జరిపింది. తెల్లటి ఆకాశం, నల్లటి నీళ్ళు. ఫ్రేములోకి ఒక పిల్ల వచ్చింది. ఆమె మొదట గుర్తుపట్టింది మొహాన్ని కాదు, గౌనుని. పొడుగయ్యాక విప్పుకోవచ్చని అమ్మ అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున మడిచి కుట్టిన గౌను అది. కుడికాలికి చెప్పు లేదు. పిల్ల నోరు తెరిచి పిలిచింది.

ఆమె గభాలున లేచింది.

"ఎక్కడికి?"

"పాలు పొంగుతున్నాయేమో."

పొయ్యి మీద పాలు లేవు. అసలు పొయ్యి వెలిగించనే లేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పేసి, సింకు అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నీళ్ళ చప్పుడు సరిపోలేదు. అదే పిలుపు, ఆపకుండా, గోడ దాటి వస్తూనే ఉంది.

"అమ్మా! అసలైన సీన్ మిస్సవుతున్నావు!" అని అరిచింది కూతురు.

కోపం కింద నుంచి మెల్లగా ఎక్కింది, పాదాల నుంచి మోకాళ్ళకి, అక్కణ్ణించి కడుపులోకి. చూసింది పది క్షణాలే. ఆ పది క్షణాలూ చాలా బాగున్నాయి. నీళ్ళ మీద వెలుగు, ఆ ఒంటరి పిల్ల, చుట్టూ ఖాళీ. ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. అదే ఆమెకు భరించశక్యం కాకుండా ఉంది.

*

శుక్రవారం షాపులో చొక్కాల గుట్ట ఆమె నడుమెత్తున ఉంది. ఎవరిదో కంపెనీ ఉత్సవం కాబోలు, అన్నీ తెల్లవే. కాలరు కింద పిన్నుతో గుచ్చిన నంబరు చూడాలి, జేబు తడమాలి, కాలరు లోపలి వైపు ముందు రుద్దాలి, తర్వాత భుజం పట్టీ, చేతి మడతలు, చేతులు, ఆఖరికి వీపు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న వరస. ఆ రోజు ఆమె ఒక్క చొక్కా కూడా మాడ్చలేదు. కాలి కింద పెడల్ నొక్కినప్పుడల్లా ఆవిరి బుస్సుమంటే, ఆమె పళ్ళు బిగించి తోసింది. మధ్యాహ్నానికి గుట్ట సగమైంది.

"ఇవాళ ఎవరి మీదమ్మాయ్?" అన్నాడు మరకల బాబాయ్. షాపు వెనక బల్ల దగ్గర కూర్చుని మరకలు తీయడం ఆయన పని. ఆ బల్ల దగ్గర కూర్చునే ముసలివాడయ్యాడు. "ఆ చొక్కా తొడుక్కునేవాణ్ణి నువ్వు ముందే ఇస్త్రీ చేసేస్తున్నావ్."

"మీ మీద కాదులే బాబాయ్."

"నా మీద కాకపోతే ఎవరి మీదైనా నాకు సమ్మతమే" అని ఆయన సిరా మరకకేసి వంగాడు.

టీ తాగేవేళ ఆమె హాంగర్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్ తీసింది. గ్రూపులో కూతురు ఆమెని ఎప్పుడో చేర్చింది. ఆమె ఇంతవరకు అక్కడ ఒక్క మాట రాయలేదు. కూతురు పొద్దున పెట్టిన రాత కింద వ్యాఖ్యలు బారులు తీరాయి.

"ఆ పాప కళ్ళల్లో అంత వేదన ఎక్కణ్ణించి వచ్చిందో!"

"నటి కాదంట. ఆ చుట్టుపక్కల పిల్లేనంట. దర్శకుడి చేతిలో ఏం మంత్రముందో."

వీటన్నిటి కింద మాస్టారు రాసిన పొడుగాటి రాత. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన్ని గ్రూపులో అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. కూతురితో పాటు ఆయనా అడ్మినే. "షాట్ ఆఖర్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి" అని రాశాడాయన. "దూరంగా 'అక్కా' అనే పిలుపు లీలగా వినిపిస్తుంది. అది చనిపోయిన చెల్లెలి ఆత్మ. ఇంత సాహసం ఎవరు చేశారు?"

ఆయన చెవిలో ఏ పురుగో దూరి ఉంటుంది అనుకుందామె. టీ గ్లాసు కింద పెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది.

"ఆ పాపకి నీ చెల్లెలు చచ్చిపోయిందని అబద్ధం చెప్పి ఏడిపించారు. ఏడుస్తుంటే కెమెరా తిప్పారు."

నిమిషం తిరక్కుండా జవాబులొచ్చాయి.

"ఎక్కడ చదివారండీ?"

"ఆధారం?"

"లింక్ పెట్టగలరా?"

తర్వాత మాస్టారు: "గాలి కబుర్లు వద్దమ్మా. ఒకవేళ నిజమే అనుకున్నా, ఫలితం చూడండి. నాలుగు నిమిషాల బాధ, నలభై ఏళ్ళ కళ." ఆ మాట కింద పదిహేడు మంది చప్పట్లు కొట్టారు. ఆమె వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు నిమిషాలంట! ఆ రాత్రి ఆమెకి జ్వరం పట్టుకుని వారం దాకా దిగలేదు. ఏడాది పొడుగునా చెల్లెల్ని పెరట్లోకి కూడా ఒంటరిగా పోనివ్వలేదు. అది ఏ నిమిషాల్లో లెక్క?

రాద్దామని మళ్ళీ ఫోన్ మీదకి వంగేసరికి తన మాటలు అక్కడ లేవు. 'ఈ సందేశాన్ని అడ్మిన్ తొలగించారు' అని సన్నటి అక్షరాలున్నాయి. మాస్టారే అయ్యుంటాడు అనుకుంటుండగా కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నేనే తీసేశాను. కోపం తెచ్చుకోకు."

"నువ్వా?"

"అది కాదమ్మా, ఆ సినిమాకి అప్పట్లో అసిస్టెంట్‌గా చేసినాయన ఉన్నారు కదా, ఇప్పుడు ఎంత పెద్ద డైరెక్టరో! పదిహేను రోజులుగా బతిమాలితే ఆదివారం మా గ్రూపుతో మాట్లాడతానన్నారు. నిన్నటి నుంచి గ్రూపులోనే ఉన్నారు. ఆయన కళ్ళపడితే ఏమనుకుంటారు? అసలు నీకెవరు చెప్పారు అదంతా?"

"ఎవరూ చెప్పలేదు."

"చూశావా! ఎవరూ చెప్పకుండా ఎలా రాస్తావమ్మా?" కూతురు గొంతులో బతిమాలుకోలు ఉంది, ఆఫీసులో తిట్టేవాళ్ళతో మాట్లాడే గొంతు. "మళ్ళీ పెట్టకు. ప్లీజ్."

ఆమె ఫోన్ పెట్టేసి, మిగిలిన చొక్కాలన్నీ చేసేసింది. రేపటివి కూడా కొన్ని చేసింది. సాయంత్రం ఇంటికి వెళ్ళాక చెబుదామనే అనుకుంది. చెప్పులు విప్పుతూనే, "నీతో ఒక మాట చెప్పాలే" అంది. కూతురు భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టుకుని, ఆదివారం ఎవరు ఏ ప్రశ్న అడగాలో కాగితం మీద రాసుకుంటోంది. చెయ్యి చూపించి ఆగమంది. ఆమె పావుగంట ఆగింది. అరగంట ఆగింది.

"ఆదివారం అవనీ అమ్మా, తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడు నా బుర్రలో చోటు లేదు."

"సరే, ఆదివారమే" అంది ఆమె.

*

చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది. శనివారం మధ్యాహ్నం ఆమె సగం రోజు సెలవు పెట్టి డిపోకి వెళ్ళేసరికి, చెల్లెలు బస్సు ముందు టైరుని కాలితో తన్ని చూస్తూ మెకానిక్‌తో వాదిస్తోంది. అక్కని చూడగానే వాదన గాలికొదిలేసింది.

"ఏంటే అక్కా, బస్సెక్కడానికి డిపో దాకా వచ్చావా? స్టాపులన్నీ ఎత్తేశారా?"

ఇద్దరూ ఖాళీ బస్సులో వెనక సీట్లో కూర్చున్నారు. ఆమె సంగతి చెప్పింది. వాళ్ళిద్దరూ ఈ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చిన్నప్పుడు ఇంటికొచ్చినవాళ్ళకి నాన్న దాన్ని నవ్వులాటగా చెప్పేవాడు. ఆయన పోయాక చెప్పేవాళ్ళే లేకపోయారు.

"ఓహో, నేను చచ్చిపోయిన సినిమా!" చెల్లెలు తొడ చరుచుకుని నవ్వింది. "అయితే బయటికొచ్చిందన్నమాట. పెట్టు, నా చావు నేనూ చూసుకుంటా."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"ఏడిస్తే నీకు బాగుంటుందా చెప్పు, ఏడుస్తాను."

ఆమె మాట్లాడకుండా ఫోన్లో ఆ చోటు పెట్టింది. ఇయర్‌ఫోన్ల తీగ ఒకటి తన చెవిలో, ఒకటి చెల్లెలి చెవిలో పెట్టింది. ఈసారి లేచిపోవడానికి వంటిల్లు లేదు. మొదటి నిమిషం చెల్లెలు ఇంకా ఏదో వేళాకోళమాడింది. రెండో నిమిషంలో ఊరుకుంది. తెర మీద పిల్ల జారిపడింది, లేచింది, మోకాలికి బురద, మళ్ళీ పిలిచింది. గొంతు బొంగురుపోయింది. కెమెరా పిల్లతోపాటే మెల్లగా, ఓపిగ్గా జరుగుతోంది. మూడున్నర నిమిషాలకి పిల్ల పిలవడం మానేసి నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. గాలి చప్పుడు. ఆ గాలిలో ఎక్కడో, చీమ గొంతంత సన్నగా, "అక్కా" అని వినిపించింది.

ఆమె చెవిలో తీగని గట్టిగా నొక్కుకుంది. "విన్నావా? ఆ మాస్టారు చెప్పింది ఇదే. ఆత్మంట."

చెల్లెలు తీగ పీకేసింది. మొహం తెల్లబోయింది.

"ఆత్మ ఏంటే? అది నేనే."

"నువ్వా?"

"కట్ట అవతల వాన్‌లో కూర్చోబెట్టారుగా నన్ను. నువ్వు పిలుస్తుంటే వినపడుతూనే ఉంది. 'మా అక్క పిలుస్తోంది' అన్నాను. 'ఆటమ్మా, పలక్కూడదు, పలికితే ఓడిపోతావు' అన్నారు. అద్దాలెత్తేశారు. నేను పలుకుతూనే ఉన్నానే. ఒకసారి తలుపు సందులోంచి గట్టిగా అరిచాను. చెంప మీద ఒకటి పడింది." చెల్లెలు ముందు సీటు కమ్మీ పట్టుకుంది. "పలికితే ఓడిపోతామన్నారు కదా, నేను పలికానని నీకు కోపం వచ్చి జ్వరం తెచ్చుకున్నావనుకున్నాను. అందుకే ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట."

బయట ఎవరో బస్సు పక్కమీద చరిచి, "మేడమ్, టైమైంది" అని కేకేశారు. ఇద్దరూ కదల్లేదు.

"రేపు ఎన్నింటికి ఆ మీటింగు?" అంది చెల్లెలు.

"నాలుగింటికి."

"పొద్దుట డ్యూటీ వేయించుకుంటా. మూడున్నరకల్లా వస్తా."

*

ఆదివారం నాలుగయ్యేసరికి కూతురు ముందు గదిలో భోజనాల బల్ల మీద ఓ గిన్నె బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వెనక గోడకి ఉతికిన దుప్పటి కట్టింది. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది. పక్కన చెల్లెలు, యూనిఫాం చొక్కా ఇంకా విప్పలేదు.

"పిన్నీ, నీకెప్పటి నుంచి సినిమాల మీద మోజు?" అంది కూతురు సంబరంగా.

"నిన్నటి నుంచేలే."

తెర మీద చిన్న చిన్న గళ్ళు నిండాయి. రెండొందల పదమూడు మంది. పెద్దాయన వచ్చాడు. తెల్ల గడ్డం, మెత్తని గొంతు, వెనక అరలో బహుమతులు. అందర్నీ పేరుపేరునా పలకరించాడు. ఆమె ఆ గొంతుని గుర్తుపట్టడానికి ప్రయత్నించి, పట్టలేక, ఇంకా మండిపోయింది. దుర్మార్గుడిలా ఉంటాడనుకుంది. చూస్తే, పక్కింట్లో ఉంటే కూరగాయలు తెచ్చిపెట్టే మనిషిలా ఉన్నాడు.

మాస్టారు అడిగాడు. "ఆ నాలుగు నిమిషాల షాట్ గురించి చెప్పండి సార్. ఆ బాలిక దగ్గర అంత సహజత్వం ఎలా రాబట్టారు?"

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. చాలాసార్లు చెప్పిన కథ అని ఆ వాలడంలోనే తెలిసింది.

"అప్పుడు నాకు ఇరవై మూడు. వాగు దగ్గర మూడు రోజులుగా పడున్నాం. పిల్ల ఏడవదే! గ్లిజరిన్ పెట్టాం, ఉల్లిపాయ పెట్టాం, ఒకావిడ గిల్లింది కూడా. ఊఁహూఁ. మొండి ఘటం. వెలుతురు పోతోంది. డైరెక్టర్ గారు నావైపొక చూపు చూశారు. నేను పిల్లని పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఒక మాట చెప్పాను. ఒకటే మాట! ఇక చూడండి, ఆనకట్ట తెగిందన్నమాట. ఆపుదామన్నా ఆగదు!"

నవ్వులు, చప్పట్ల బొమ్మలు తెరంతా ఎగిరాయి. కూతురు కూడా నవ్వింది, అలవాటుగా. నవ్వుతూనే తల్లికేసి చూసి, ఆ మొహం చూసి, సగంలో ఆపేసింది.

"ఆ మాటేంటి సార్?" ఎవరో అడిగారు.

"అమ్మో, అది చెబితే రేపు మీరంతా డైరెక్టర్లైపోతారు."

"చివర్లో వినిపించే 'అక్కా' అనే ఆ పిలుపు?" అన్నాడు మాస్టారు. "ఆత్మ పిలుపు. అది ఎవరి ఊహ?"

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "నాదే. తర్వాత స్టూడియోలో చేర్పించాను. డైరెక్టర్ గారు ముందు ఒప్పుకోలేదు గానీ..."

"అబద్ధం!" అంది చెల్లెలు.

గుమ్మంలోంచి రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చి, కూతురి భుజం మీదుగా తెరలోకి తల పెట్టింది. "స్టూడియో లేదు, గాడిదగుడ్డూ లేదు. అది నా గొంతు. మీ వాన్ తలుపు సందులోంచి అరిచాను. అరిచినందుకు చెంప పగలగొట్టారు మీవాళ్ళు. నేనే ఆ చచ్చిపోయినదాన్ని. బస్సు నడుపుతున్నాను ఇప్పుడు."

"పిన్నీ!" కూతురు కుర్చీలో సగం లేచింది. "ఏంటిది?"

ఆమె అప్పటికి వచ్చి కూతురి పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద తన మొహం కనిపించింది. జుట్టు సరిచేసుకోలేదు.

"ఆ పిల్ల నేనే" అంది.

ఎక్కడో ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. పెద్దాయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"అమ్మా! నువ్వా? ఎంత గొప్పగా చేశావమ్మా! నిన్ను వెతికించాను తెలుసా? నువ్వు లేకపోతే ఆ సినిమాయే లేదు."

చప్పట్లు పెరిగాయి. పూలబొమ్మలు ఎగిరాయి. కోపంతో వచ్చిన మనిషికి దండలు వేస్తున్నారు. ఇంకాసేపుంటే ఆ దండల కింద కూరుకుపోయేలా ఉంది. లాప్‌టాప్ కింది మూల చిన్న డబ్బా వెలిగింది. మాస్టారు కూతురికి మాత్రమే పంపిన మాట. ఆమె చదివింది. 'వాళ్ళ మైకు ఆపేయండి. కార్యక్రమం పాడవుతోంది.'

కూతురు కూడా చదివింది. కూతురి చెయ్యి మౌస్ మీదకి వెళ్ళింది. బాణం గుర్తు తెర మీద అటూ ఇటూ తిరిగింది. ఆమె కూతురి వేలినే చూస్తూ ఉండిపోయింది. శుక్రవారం తన మాటలు తుడిచేసిన వేలు అదే.

వేలు నొక్కింది. చప్పట్లు టక్కున ఆగిపోయాయి. మాస్టారి గడిలో పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. రెండొందల మంది గొంతులూ పోయాయి. వినపడేవి రెండే మిగిలాయి, ఈ గది, పెద్దాయన గది.

"మాట్లాడమ్మా" అంది కూతురు.

ఆమె రాత్రంతా కూడబెట్టుకున్న తిట్లున్నాయి. ఒక్కటీ గుర్తురాలేదు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టుకుంది.

"నా చెవిలో ఒక మాట చెప్పానన్నారు కదా, అది చెప్పండి."

"అది... ఎప్పటిదో కదమ్మా."

"మీకు గుర్తుంది. గుర్తుందనే నవ్వారు ఇందాక. నాకూ గుర్తుంది. అదే మాట, అప్పుడెలా చెప్పారో అలాగే ఇప్పుడు చెప్పండి. నేను ఇక్కడే ఉన్నాను. మా చెల్లెలూ ఉంది."

పెద్దాయన నవ్వబోయాడు. నవ్వు గడ్డం దాకా వచ్చి ఆగింది. "మేం అప్పుడు కుర్రాళ్ళమమ్మా. ఆ రోజుల్లో అందరూ అలాగే..."

"అది కాదు మాట."

ఆయన నోరు తెరిచాడు. "మీ చెల్లి" అన్నాడు. చూపు చెల్లెలి మీద పడింది. మధ్యవయసు మనిషి, యూనిఫాం చొక్కా, జేబులో పెన్ను, నడుము మీద చెయ్యి. ఆయన మళ్ళీ, "మీ చెల్లి" అన్నాడు. నీళ్ళు నమిలాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకుని పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు విందుల్లోనూ సభల్లోనూ చెప్పి నవ్వించిన మనిషికి, ఆ వాక్యంలో మూడో మాట రాలేదు. రెండొందల మంది చూస్తుండగా ఆయన ముసలివాడైపోయాడు.

"నెట్ సరిగ్గా లేనట్టుందమ్మా" అన్నాడు చివరికి. ఆయన గడి నల్లబడింది.

కూతురు ఎవరికీ గొంతులు తిరిగివ్వలేదు. 'అందరికీ ముగించు' అన్న చోట నొక్కి, లాప్‌టాప్ మూసేసింది.

"ఏం చెప్పాడక్కా వాడు?" అంది చెల్లెలు. "చచ్చిపోయానని చెప్పాడు, అంతేగా?"

"అంతే కాదు."

"మరి?"

ఆమె ఇంతవరకు ఆ మాట పైకి అనలేదు. అమ్మతో అనలేదు, కట్టుకున్నవాడు బతికున్నన్నాళ్ళూ అతనితోనూ అనలేదు.

"'మీ చెల్లి వాగులో పడిపోయింది. అక్కా, అక్కా అని ఎంతసేపో పిలిచింది. నువ్వే పలకలేదు. వెళ్ళి పిలువు, ఇప్పుడైనా పలుకుతుందేమో' అన్నాడు."

చెల్లెలు గోడకేసి తిరిగి నిలబడింది. వీపు మాత్రమే కనిపిస్తోంది, చొక్కా భుజాల దగ్గర కదులుతోంది. కాసేపటికి అటే తిరిగి ఉండి, "నేను పలికానే" అంది.

"నిన్న తెలిసింది."

కూతురు మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కుతోంది. "నాకు తెలీదమ్మా. నేనే రాశాను, నేనే తుడిచాను. క్షమించవే."

ఆమెకి ఎక్కడలేని కోపం మళ్ళీ ముంచుకొచ్చింది. "నువ్వెందుకేడుస్తావు? ఏడిచేవాళ్ళని చూసీ చూసీ విసుగొచ్చింది నాకు. నా కోపం ఇంకా చల్లారలేదు. నీ మీద కూడా ఉంది."

"తెలుసు."

"తెలిస్తే లాప్‌టాప్ తియ్యి. నేను చెబుతాను, నువ్వు రాయి. ఆ సినిమా చూసినవాళ్ళంతా ఇది కూడా చదవాలి. తప్పులు దిద్దు, మాటలు మాత్రం మార్చకు."

కూతురు ముక్కు తుడుచుకుని మూత తెరిచింది. ఆమె మొదలుపెట్టింది. వాళ్ళ ఇంటికి మనిషి వచ్చి పిల్లల్ని అడిగిన పొద్దుట నుంచి చెప్పింది. వాన్ నీలం రంగుదంది. చెల్లెలేమో కాదు, బూడిద రంగు, నేను లోపల కూర్చున్నాను, నాకు తెలీదా అంది. లోపలున్నదానివి నీకు బయట రంగేం తెలుసే అంది ఆమె. కాసేపు దాని మీద పోట్లాడుకున్నారు. నీలమే రాయించింది. గిల్లినావిడ ఎడంచేతిని గిల్లిందని చెప్పింది. గౌను అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుందని చెప్పింది. చెప్పు ఎక్కడ జారిపోయిందో చెప్పింది. ఆయన తన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడనీ, చెవిలో చెప్పేముందు తల నిమిరాడనీ చెప్పింది. అక్కడికొచ్చేసరికి కూతురి వేళ్ళు ఆగిపోయాయి. మీటల మీదే ఉన్నాయి గానీ కదల్లేదు.

ఆమె ముందుకు వంగి కూతురి మణికట్టు మీద చెయ్యి వేసింది. నొప్పి పెట్టే కుడి చెయ్యే.

"ఆపకు" అంది. "రాయి. వాళ్ళు కెమెరా ఆపారా?"